ఎప్పుడో విరిగి అతుక్కున్న ఎముక ఇప్పటి స్కాన్‌లో కనిపిస్తుందా?

పదేళ్ల వయసులో జామచెట్టు మీంచి పడి చేయి విరిగింది. ఇప్పుడు నలభై ఏళ్లు. ఎక్స్‌రే తీస్తే అప్పటి ఫ్రాక్చర్ బయటపడుతుందా? ఈ ప్రశ్న అడిగేవాళ్లు రకరకాలు. కానిస్టేబుల్ ఉద్యోగానికి మెడికల్ టెస్టుకు వెళ్లబోతున్న కుర్రాడికి అదో టెన్షన్. బైకు యాక్సిడెంట్ క్లెయిములో ‘ఇది పాత దెబ్బ’ అని బీమా కంపెనీ అంటే ఏం చెప్పాలని ఇంకొకరి దిగులు. చిన్నతనంలో ఇంట్లో తిన్న దెబ్బలకు ఒంట్లో ఎక్కడైనా సాక్ష్యం మిగిలిందేమో తెలుసుకోవాలనుకునేవాళ్లూ ఉన్నారు. పైకి చెప్పరు గానీ, అందరికంటే ఎక్కువగా జవాబు కావాల్సింది వాళ్లకే.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. పెద్దయ్యాక విరిగి, కాస్త వంకరగా అతుక్కున్న ఎముక చాలావరకు జీవితాంతం కనిపిస్తుంది. చిన్నప్పుడు విరిగి, సరైన వరసలో అతుక్కున్నది చాలాసార్లు ఆనవాలు లేకుండా పోతుంది. మిగతావన్నీ ఈ రెండిటి మధ్యలో ఎక్కడో ఉంటాయి. పూర్తిగా అతుక్కుపోయిన ఫ్రాక్చర్ ఏ సంవత్సరానిదో చెప్పడం మాత్రం ఏ స్కాన్ వల్లా కాదు. ‘స్కాన్‌లో ఏమీ లేదు’ అన్న మాటను ‘ఎప్పుడూ విరగలేదు’ అని అర్థం చేసుకోవడం వల్ల చాలామందికి అన్యాయం జరుగుతోంది. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెప్పాలనిపించింది.

ఎముకకు మచ్చ మిగలదు

చర్మం లోతుగా తెగితే మచ్చ పడుతుంది. గుండెపోటు వచ్చి కండరం దెబ్బతింటే అక్కడ మిగిలేదీ మచ్చే. ఎముక విరిగిన చోట మాత్రం మళ్లీ అసలైన ఎముకే పుడుతుంది. శరీరంలో ఇలా మచ్చ లేకుండా పూర్తిగా బాగయ్యే భాగాలు చాలా తక్కువ.

అదెలా జరుగుతుందో తెలిస్తే స్కాన్‌లో ఏది ఎప్పుడు కనిపిస్తుందో సగం అర్థమైపోతుంది. విరగగానే ఆ చోట రక్తం కారి గడ్డకడుతుంది. రెండు మూడు వారాల్లో ఆ గడ్డ ఉన్నచోట పీచులాంటి కణజాలం, మృదులాస్థి కలిసి మెత్తటి ముద్దగా ఏర్పడతాయి. ఇందులో ఇంకా కాల్షియం చేరలేదు కాబట్టి ఎక్స్‌రేకు ఇది దాదాపు కనిపించదు. అంతకంతకూ కాల్షియం చేరి, పెద్దవాళ్లలో సుమారు ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఆ ముద్ద గట్టిపడుతుంది. డాక్టరు ఎక్స్‌రే చూసి ‘క్యాలస్ బాగా వచ్చింది, కట్టు తీసేద్దాం’ అనేది దీన్ని చూసే. ఎక్స్‌రేలో అది ఎముక చుట్టూ తెల్లటి మబ్బులా, ఉబ్బెత్తుగా ఉంటుంది.

అక్కడితో అయిపోయిందని మనం అనుకుంటాం. కట్టు తీసేశారు, పనుల్లో పడ్డాం. కానీ ఎముక లోపల అసలు పని అప్పుడే మొదలవుతుంది. హడావుడిగా పోసిన ఆ క్యాలస్‌ను ఆస్టియోక్లాస్టులనే కణాలు కొంచెం కొంచెంగా తినేస్తుంటే, వెనకాలే ఆస్టియోబ్లాస్టులు పద్ధతిగా పొరలు పేర్చిన కొత్త ఎముకను వేస్తూ వస్తాయి. రోడ్డు తవ్వి పైపులైను వేశాక ముందు మట్టి ఎత్తుగా పోసి పూడుస్తారు. తర్వాతెప్పుడో ఆ రోడ్డు మొత్తానికీ కొత్తగా తారు వేస్తే, ఎక్కడ తవ్వారో ఆ వీధివాళ్లు కూడా చెప్పలేరు. ఎముకలో ఈ రెండో దశ నెలల నుంచి ఏళ్ల దాకా సాగుతుంది. ఏ దెబ్బా తగలకపోయినా పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పది శాతం ఇలా పాతది పోయి కొత్తది వస్తూనే ఉంటుంది.

ఈ కణాలకు ఎక్కడ తినాలో, ఎక్కడ పొయ్యాలో దారి చూపించేది ఎముక మీద పడే బరువు. బరువు మోసే వైపు ఎముక మందమవుతుంది, మొయ్యని వైపు పల్చబడుతుంది. 19వ శతాబ్దంలో జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ చెప్పిన ఈ సూత్రం ఇప్పటికీ ఆయన పేరుమీదే ఉంది. వంకరగా అతుక్కున్న కాలి ఎముకలో లోపలి వంపు దగ్గర గోడ దిట్టంగా తయారవడం ఈ సూత్రం ప్రకారమే. ఎన్నో ఏళ్ల తర్వాత కూడా పాత ఫ్రాక్చర్‌ను పట్టించే గుర్తుల్లో అదొకటి.

పిల్లల చేతులు, పెద్దల కాళ్లు

ఏడేళ్ల పిల్లాడు సైకిలు మీంచి పడి మణికట్టుకు కాస్త పైన ముంజేతి ఎముక విరగ్గొట్టుకున్నాడనుకోండి. వరసగా అతని ఎక్స్‌రేలు చూద్దాం. మొదటి రోజు ఫిల్ములో ఎముక ఒకవైపు మడత పడినట్టు కనిపిస్తుంది. పిల్లల ఎముక పచ్చి కొమ్మలాంటిది కాబట్టి చాలాసార్లు రెండు ముక్కలు కాదు, ఒకవైపు నలిగి ఊరుకుంటుంది. ఆరు వారాలకు తీసిన ఫిల్ములో చుట్టూ తెల్లగా క్యాలస్ ఉంటుంది, కొంచెం వంపూ ఉంటుంది. ఏడాదికి క్యాలస్ కరిగిపోయి వంపు సగానికి వస్తుంది. ఇంకో ఏడాది రెండేళ్లకు రెండో చేతి ఎక్స్‌రే పక్కన పెట్టి చూసినా ఏది విరిగిన చెయ్యో తేల్చలేం.

ఎముక పొడవు పెరిగేది దాని చివర్లలో ఉండే గ్రోత్ ప్లేటు దగ్గర. ముంజేతి రేడియస్ ఎముక పొడవులో దాదాపు ముప్పావు వంతు మణికట్టు వైపున్న ప్లేటు నుంచే వస్తుంది. అందుకే అక్కడి వంపు పెరుగుదలలో కలిసి సరైపోతుంది. అదే పిల్లాడు మోచేతికి కాస్త పైన దండ చేతి ఎముక విరగ్గొట్టుకుంటే కథ వేరు. ఆ ఎముక పెరుగుదలలో మోచేతి వైపు ప్లేటు వాటా సుమారు ఐదో వంతే. అక్కడ ముక్క లోపలికి తిరిగి అతుక్కుంటే ఆ వంకర ఎన్నేళ్లయినా సరికాదు. చేయి చాపినప్పుడు ముంజేయి లోపలికి వంగినట్టు కనిపిస్తుంది. సైన్యంలో చేరడానికి వెళ్లే కుర్రాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. మెడికల్‌లో చేతులు చాపించి మోచేతి కోణం చూస్తారు. ఎక్స్‌రే దాకా పోకుండానే చిన్ననాటి ఫ్రాక్చర్ అక్కడ బయటపడిపోతుంది.

పిల్లల్లో తనంత తాను సరికానిది ఇంకొకటి ఉంది. ముక్క మెలితిరిగి అతుక్కుంటే ఆ మెలిక పెద్దగా తగ్గదు. ఎముక ముందుకో వెనక్కో వంగితే, ముఖ్యంగా ఆ కీలు కదిలే దిశలోనే వంగితే, బాగా సరైపోతుంది. తొడ ఎముక విరిగిన చిన్నపిల్లల్లో ఒక విచిత్రం కూడా జరుగుతుంది. దెబ్బ తగిలిన చోటికి రక్తప్రసారం పెరిగి, ఆ కాలు రెండో కాలి కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ పెరగొచ్చు. ఫ్రాక్చర్ గీత మాయమైపోయినా పొడవులో తేడా మిగిలిపోతుంది.

పెద్దవాళ్లలో ఈ దిద్దుబాటు చాలా తక్కువ. గ్రోత్ ప్లేట్లు మూసుకుపోయాక వంపు వంపుగానే ఉండిపోతుంది. ఉబ్బెత్తు కొంత కరుగుతుంది గానీ చాలామందిలో పూర్తిగా పోదు. అందుకే నలభై ఐదేళ్లకు పిక్క ఎముక విరిగిన మనిషి ఎక్స్‌రేలో, ఇరవై ఏళ్ల తర్వాత కూడా, చూసే కన్నుకు గుర్తులు దొరుకుతాయి: గోడ ఒకచోట మందంగా ఉండటం, లోపలి మూలుగ దారి అక్కడ ఇరుకవడం, నిటారుగా ఉండాల్సిన గీత ఒక డిగ్రీ రెండు డిగ్రీలు పక్కకు జరగడం. జత్రుక, అంటే కాలర్ బోన్, ఇందులో మరీ తేలిక. అది చాలాసార్లు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి అతుక్కుంటుంది. చర్మం కిందే ఉంటుంది కాబట్టి వేలితో తడిమినా ఆ బుడిపె తెలుస్తుంది.

ఎలా కట్టారన్నదాన్ని బట్టీ ఆనవాలు మారుతుంది. ప్లేటు, స్క్రూలు వేసి ముక్కలను కదలకుండా బిగించేస్తే క్యాలస్ పెద్దగా రాదు, ఎముక నేరుగా ఎముకతో కలిసిపోతుంది. ప్లేటు తీసేశాక స్క్రూ రంధ్రాలు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు కనిపిస్తాయి. ఎక్స్‌రేలో వరసగా ఉన్న చిన్న చిన్న గుండ్రటి నీడలు చూసి ‘ఇక్కడ ప్లేటు వేసి తీశారు’ అని చెప్పేయొచ్చు. సిమెంటు కట్టులో బయటి నుంచి పట్టి ఉంచుతారు కాబట్టి లోపల కొద్దిగా కదలిక ఉంటుంది, క్యాలస్ ధారాళంగా వస్తుంది. చిత్తూరు వైపు వందేళ్లకు పైగా పేరున్న పుత్తూరు కట్టూ, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో, బయటి నుంచి పట్టి ఉంచే పద్ధతే. ముక్కలు వరసలో ఉంటే ఏ కట్టులోనైనా ఎముక అతుక్కుంటుంది, ఆనవాలూ తక్కువ ఉంటుంది. ముక్కలు పక్కకు జరిగి ఎక్కి ఉంటే, వాటిని సరిచేయకుండా పైన ఏ కట్టు కట్టినా అలాగే ఎక్కి అతుక్కుంటాయి. ఆ ఎక్స్‌రే ఇక జీవితాంతం అదే మాట చెబుతుంది. ముందు ఎక్స్‌రే తీయించుకోండి, ఆ తర్వాతే కట్టు సంగతి ఆలోచించండి అని డాక్టర్లు మొత్తుకునేది ఇందుకే.

ముక్కు, పుర్రె, పక్కటెముకలు

పైన చెప్పిన లెక్కకు లొంగని ఎముకలు కొన్ని ఉన్నాయి. ముక్కు ఎముక పల్చటిది. అది విరిగాక చాలామందిలో ఎముకతో పూడదు, పీచు కణజాలంతో అతుక్కుంటుంది. పీచుకు కాల్షియం ఉండదు కాబట్టి ఎక్స్‌రేలో ఆ గీత ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తుంది. నిన్న తగిలిన దెబ్బకూ పదేళ్ల నాటి దెబ్బకూ ఫిల్ములో తేడా చెప్పడం కష్టం. పుర్రె పైకప్పు కూడా పెద్దగా క్యాలస్ లేకుండానే అతుక్కుంటుంది. పసిపిల్లల్లో ఆ గీత నెలల్లో మాయమవుతుంది, పెద్దల్లో ఏళ్లు నిలుస్తుంది.

పక్కటెముకలది తిరకాసు వ్యవహారం. తాజాగా విరిగి, ముక్క పక్కకు జరగని పక్కటెముక ఛాతీ ఎక్స్‌రేలో చాలాసార్లు దొరకదు. ‘ఎక్స్‌రే నార్మల్’ అని ఇంటికి పంపిస్తారు, మనిషి మాత్రం దగ్గినప్పుడల్లా విలవిల్లాడుతుంటాడు. రెండు మూడు వారాల తర్వాత తీస్తే అదే ఎముక మీద క్యాలస్ కనిపించి అసలు సంగతి తెలుస్తుంది. అంటే కొత్త ఫ్రాక్చర్ కనబడలేదు, మానుతున్న ఫ్రాక్చర్ కనబడింది.

అతుక్కున్న పాత ఫ్రాక్చర్‌నూ, పాతదై ఇంకా అతుక్కోని ఫ్రాక్చర్‌నూ కలిపేసి మాట్లాడకూడదు. మణికట్టులో బొటనవేలి వైపు స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. దానికి రక్తం వేళ్ల వైపు కొస నుంచి వెనక్కు వస్తుంది కాబట్టి మధ్యలో విరిగితే వెనక ముక్కకు రక్తం అందకపోవచ్చు. క్రికెట్ ఆడుతూ అరచేతి మీద పడి, ‘బెణికిందిలే’ అని ఊరుకున్నవాళ్లలో ఏళ్ల తర్వాత ఎక్స్‌రే తీస్తే గీత స్పష్టంగా, అంచులు తెల్లగా గట్టిపడి కనిపిస్తాయి. అది అతుక్కోకుండానే ఉండిపోయిన ఎముక. దానికి ఇప్పటికైనా వైద్యం కావాలి.

ఏ స్కాన్ ఏ ప్రశ్నకు

ఎక్స్‌రేలో కనిపించకపోతే ఎమ్మారైలో కనిపిస్తుందని, పెద్ద స్కాన్ అయితే పెద్ద నిజం చెబుతుందని మనలో చాలామందికి నమ్మకం. పాత ఫ్రాక్చర్ల విషయంలో అది తరచుగా తలకిందులవుతుంది.

1895 నవంబరులో రాంట్‌జన్ కనిపెట్టిన ఎక్స్‌రేకు ఈనాటికీ తెలిసింది ఒకటే: కాల్షియం ఎంత ఉంది, ఏ ఆకారంలో ఉంది. పాత ఫ్రాక్చర్ ఆకారాన్ని మార్చి ఉంటే ఎక్స్‌రే చెబుతుంది. అయితే అది ఒక వైపు నుంచి పడిన నీడ. వంపు సరిగ్గా ఎక్స్‌రే కిరణాల దిశలోనే ఉంటే ఆ ఫిల్ములో ఎముక నిటారుగానే కనిపిస్తుంది. అందుకే ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, కనీసం రెండు ఫిల్ములు తీస్తారు. సీటీ స్కాన్ అదే కాల్షియంను పల్చటి ముక్కలుగా కోసి చూపిస్తుంది. ముఖం, మణికట్టు, కటివలయం లాంటి చిక్కు ఎముకల్లో పాత గీతలు, మెట్టులా జరిగిన అంచులు, అతుక్కోని ఖాళీలు పట్టుకోవడంలో దాన్ని మించింది లేదు.

ఎమ్మారై చూసేది వేరే. దానికి నీరు, కొవ్వు బాగా కనిపిస్తాయి. తాజాగా విరిగిన ఎముక మూలుగలో నీరు చేరి వాపు వస్తుంది. ఎమ్మారైలో ఆ చోటు మెరుస్తున్నట్టు కనిపిస్తుంది. అందుకే ఎక్స్‌రేకు చిక్కని సన్నటి పగుళ్లను అది మొదటి రోజుల్లోనే పట్టేస్తుంది. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన పీవీ సింధు, ఎడమ పాదానికి స్ట్రెస్ ఫ్రాక్చర్ అయిందని చెప్పి టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్‌కు దూరమయ్యారు. పదే పదే పడే భారంతో వచ్చే ఈ రకం పగుళ్లు మొదట్లో ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించవు, ఎమ్మారైలో కనిపిస్తాయి. కానీ కొన్ని నెలల్లో ఆ వాపు తగ్గి మూలుగ మామూలు స్థితికి వస్తుంది. ఆకారం మారకపోతే ఆ తర్వాత ఎమ్మారైకీ చూపించడానికి ఏమీ మిగలదు. ఎముక కొత్తగా విరిగిందా, పాతదా అని తేల్చడానికి ఎమ్మారై మంచి సాధనం. ఇరవై ఏళ్ల కిందట విరిగిందా అని అడిగితే మాత్రం అది నోరు విప్పకపోవచ్చు.

బోన్ స్కాన్‌దీ దాదాపు ఇదే దారి. టెక్నీషియం-99ఎం అనే రేడియోధార్మిక పదార్థాన్ని నరంలోకి ఎక్కిస్తారు. ఎముక ఎక్కడ చురుగ్గా పుడుతుంటే అక్కడికి అది చేరుతుంది, కెమెరాలో ఆ చోటు నల్లటి మచ్చలా కనిపిస్తుంది. దెబ్బ తగిలిన రెండు మూడు రోజుల్లోనే ఈ మచ్చ వస్తుంది. ఎముక తనను తాను సరిదిద్దుకున్నంత కాలం ఉంటుంది. చాలామందిలో రెండు మూడేళ్లకు మాసిపోతుంది. ఒళ్లంతా ఒకేసారి చూడగలగడం దీని బలం. అయితే కీళ్లవాతానికీ, ఇన్‌ఫెక్షన్‌కూ, క్యాన్సర్‌కూ అలాగే మచ్చ వస్తుంది కాబట్టి దాన్ని ఒంటరిగా నమ్మలేం.

కాబట్టి పాత ఫ్రాక్చర్ కోసం వెతికేటప్పుడు ఖరీదైన స్కాన్ కంటే రెండు వైపుల నుంచి తీసిన మామూలు ఎక్స్‌రే, దాని పక్కన పెట్టి చూడటానికి రెండో చేతిదో కాలిదో ఇంకో ఎక్స్‌రే, చాలాసార్లు ఎక్కువ ఉపయోగం. కేవలం తెలుసుకోవాలన్న కుతూహలంతో ఒళ్లంతా సీటీ తీయించుకోవడం మంచిది కాదు. దాని రేడియేషన్ చేతి ఎక్స్‌రేతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ.

పాత ఫ్రాక్చర్ అనుకుని పొరబడేవీ ఉన్నాయి. ఎముకలోకి రక్తనాళం వెళ్లే సన్నటి దారి పగులులా కనిపిస్తుంది. కొందరికి పుట్టుకతోనే మోకాలి చిప్ప రెండు భాగాలుగా ఉంటుంది. ఎక్కువగా పైన, బయటివైపు మూలలో చిన్న ముక్క విడిగా, అంచులు నున్నగా ఉంటుంది. అది ఎప్పుడూ విరిగింది కాదు.

‘ఇది ఎప్పటి దెబ్బ?’

మన దగ్గర ఈ ప్రశ్న ఎక్కువగా వినిపించేది పోలీసు కేసుతో ముడిపడిన దెబ్బలు రాసే ఆసుపత్రి మెడికో-లీగల్ (ఎమ్మెల్సీ) రిజిస్టరు దగ్గర. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్ ప్రకారం ఎముక గాని, పన్ను గాని విరిగితే అది తీవ్ర గాయం. పాత ఐపీసీ 320లోనూ అంతే. మామూలు గాయానికి గరిష్ఠంగా ఏడాది జైలు, తీవ్ర గాయానికి ఏడేళ్లు. ఊళ్లో గొడవ జరిగి ముక్కు మీద గుద్దారు. వూండ్ సర్టిఫికెట్‌లో ‘ముక్కు ఎముక ఫ్రాక్చర్’ అన్న ఒక్క మాటతో కేసు బరువే మారిపోతుంది. ఆ గీత ఆ రోజుదా, ఎప్పుడో కబడ్డీలో తగిలిందా అన్నది ఎక్స్‌రే ఒక్కటే తేల్చలేదు. వాపు, రక్తం కారడం, తాకితే నొప్పి, ఇవన్నీ మొదటి రోజే చూసి రాసి ఉంటేనే దానికి విలువ. అందుకే దెబ్బ తగిలిన రోజే పరీక్ష చేయించుకుని ప్రతి గుర్తునూ రాయించుకోవడం, ఫిర్యాదు చేసినవాళ్లకైనా నింద మోస్తున్నవాళ్లకైనా మేలు.

మానుతున్న దశలో ఉన్న ఎముకకైతే కాలం అంచనా కొంతవరకు కట్టొచ్చు. అంచులు పదునుగా ఉండి చుట్టూ ఏమీ లేకపోతే కొద్ది రోజులదే. సుమారు వారం పది రోజులు దాటితే పసిపిల్లల్లో ఎముక పైపొర మీద సన్నటి కొత్త గీత మొదలవుతుంది. క్యాలస్ గట్టిపడితే వారాలు గడిచాయని అర్థం. అదైనా ‘ఇన్ని వారాల నుంచి అన్ని వారాల మధ్య’ అనే చెప్పగలరు. పూర్తిగా సర్దుకున్నాక రెండేళ్ల కిందటిదా, ఇరవై ఏళ్ల కిందటిదా అన్నది ఎవరూ చెప్పలేరు. చెప్పారంటే ఆ మాట ఫిల్ములోంచి వచ్చింది కాదు.

ఈ కొద్దిపాటి అంచనాతోనే ఒక పెద్ద నిజం బయటపడింది. 1946లో అమెరికన్ వైద్యుడు జాన్ కాఫీ, మెదడు పైన రక్తం గడ్డకట్టిన ఆరుగురు పసిపిల్లల ఎక్స్‌రేలు చూస్తే వాళ్ల కాళ్లూ చేతుల ఎముకల్లో ఫ్రాక్చర్లు దొరికాయి. ఎలా తగిలాయో ఎవరూ చెప్పలేదు. నడక కూడా రాని బిడ్డ ఒంట్లో, ఒకటి అప్పుడే విరిగి, ఒకటి మానుతూ, ఇలా వేర్వేరు వయసుల ఫ్రాక్చర్లు ఎలా వస్తాయి? 1962లో హెన్రీ కెంప్, ఆయన తోటివారు దీన్ని పిల్లలను హింసించడంగా పేరుపెట్టి చెప్పేదాకా వైద్యలోకం ఆ మాట గట్టిగా అనలేకపోయింది. ఇప్పుడు అనుమానం వస్తే పసిబిడ్డ ఒంటి మొత్తానికీ ఎక్స్‌రేలు తీసి, సుమారు రెండు వారాలకు మళ్లీ తీస్తారు. మొదటిసారి కనిపించని పక్కటెముక ఫ్రాక్చర్ రెండోసారి క్యాలస్‌తో దొరుకుతుంది.

అదే బిడ్డ పెరిగి ముప్పై ఏళ్లవాడై వస్తే మాత్రం అప్పుడు తీసే ఎక్స్‌రేల్లో ఏమీ లేకపోవచ్చు. ఎదిగే ఎముక ఆ గుర్తులన్నీ చెరిపేసి ఉంటుంది. ‘నీ ఎముకలు బాగానే ఉన్నాయి కదా, నువ్వు చెప్పేది నిజమేనా’ అని ఎవరైనా అంటే, అది ఎముకల గురించి తెలియని మాట. చిన్నప్పుడు విరిగినదాన్ని చెరిపేసుకోవడం ఎదిగే ఎముకకు సహజం. స్కాన్ శుభ్రంగా రావడం వాళ్ల మాటను అబద్ధం చేయదు.

మరోవైపు పెద్దవాళ్ల ఎముక ఎన్ని వేల ఏళ్లయినా మాట నిలుపుకుంటుంది. 1991లో ఆల్ప్స్ పర్వతాల మంచులో దొరికిన ఓట్జీ అనే మనిషి సుమారు 5,300 ఏళ్ల కిందటివాడు. అతని ఎడమవైపు పక్కటెముకలు విరిగి చక్కగా అతుక్కున్న ఆనవాళ్లు ఈనాటికీ కనిపిస్తాయి. అంటే ఆ దెబ్బ తర్వాత చాలా కాలం బతికాడు. 2005లో ఈజిప్టు రాజు టుటంఖమున్ మమ్మీకి సీటీ తీసినప్పుడు ఎడమ తొడ ఎముక కింది భాగంలో ఫ్రాక్చర్ కనిపించింది, మానిన జాడ మాత్రం లేదు. అందుకే అది చావుకు కొద్ది రోజుల ముందు తగిలిందై ఉండొచ్చని ఆ బృందంలో కొందరు అన్నారు.

పాత ఫ్రాక్చర్‌ను నిరూపించాలన్నా, కొత్తదని నిరూపించాలన్నా, అన్నిటికంటే గట్టి సాక్ష్యం అప్పటి ఫిల్ము. మన దగ్గర ఎక్స్‌రేలు రోగి చేతికే ఇచ్చేస్తారు, అవి బీరువా మీద ఎండిపోయి పాడవుతాయి. రిపోర్టును ఫోన్లో ఫొటో తీసి తారీఖు కనిపించేలా దాచుకోండి. ఆరోగ్య రికార్డులు దాచుకునే ప్రభుత్వ డిజిటల్ ఖాతా ‘ఆభా’ ఉంటే అందులో పెట్టుకోవచ్చు. కొత్తగా స్కాన్‌కు వెళ్లినప్పుడు ‘పలానా ఏడు ఇక్కడ విరిగింది’ అని రేడియాలజిస్టుకు ముందే చెప్పండి. ఎక్కడ చూడాలో తెలిస్తే కంటికి దొరికేవి వేరుగా ఉంటాయి.

ఎవరూ అడగని పాత ఫ్రాక్చర్

ఇంతవరకు చెప్పినవన్నీ విరిగిందని మనకు తెలిసిన ఫ్రాక్చర్లు. విరిగినట్టు మనిషికే తెలియనిది ఒకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. వెన్నుపూస కుంగిపోవడం.

ఎముకలు గుల్లబారిన వయసులో బిందె ఎత్తినా, బస్సు గుంతలో పడి కుదుపు వచ్చినా వెన్నుపూస ముందు భాగం నలిగిపోతుంది. ‘నడుం పట్టేసింది’ అనుకుని జండూబామ్ రాసుకుని ఊరుకుంటారు. వెన్నుపూస ఫ్రాక్చర్లలో సుమారు మూడింట రెండు వంతులు డాక్టరు దాకా రానే రావు. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో మామూలు వెన్నుపూస దాదాపు చతురస్రంలా, ముందూ వెనకా ఒకే ఎత్తుతో ఉంటుంది. కుంగినది ముందువైపు తగ్గి గొడ్డలి తలలా కోసుగా కనిపిస్తుంది. ఎత్తు ఐదో వంతు తగ్గినా దాన్ని ఫ్రాక్చర్ కిందే లెక్కిస్తారు, నలభై శాతం దాటితే తీవ్రమైనది. ఈ ఆకారం మళ్లీ మామూలు కాదు, కాబట్టి ఈ పాత ఫ్రాక్చర్ ఎప్పుడు చూసినా కనిపిస్తుంది. దగ్గుకనో గుండెకనో తీసిన ఛాతీ సీటీలో కూడా ఉంటుంది. చూసేవాళ్ల దృష్టి ఊపిరితిత్తుల మీద ఉండటం వల్ల రిపోర్టులో ఆ మాట చాలాసార్లు రాదు.

ఆ మాట రాకపోవడం చిన్న లోపం కాదు. 2001లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో, వెన్నుపూస ఒకటి కొత్తగా కుంగిన మహిళల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏడాదిలోపే ఇంకొకటి కుంగింది. తుంటి విరిగే ముప్పూ పెరుగుతుంది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ మీదే ఆధారపడటంలోనూ ఒక చిక్కుంది. కుంగిన వెన్నుపూసలో అంతే కాల్షియం తక్కువ చోటులోకి నొక్కుకుపోతుంది కాబట్టి అక్కడ సాంద్రత ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది. రిపోర్టు బాగున్నట్టు వస్తుంది, ఎముక మాత్రం విరిగి ఉంటుంది. పెద్ద దెబ్బ లేకుండా వెన్నుపూస కుంగితే, డెక్సా అంకె ఎంత ఉన్నా దాన్ని బోలు ఎముకల జబ్బుగానే తీసుకోవాలి. అయితే అలా ముద్ర వేసే ముందు క్షయ గానీ, మైలోమా లాంటి క్యాన్సర్ గానీ కాదని తేల్చుకోవాలి. మన దగ్గర వెన్నుపూస క్షయ అరుదేమీ కాదు. కుంగుడు కొత్తదా పాతదా అన్న చోట ఎమ్మారై పనికొస్తుంది.

మీ అమ్మ గాని, అత్తగారు గాని ఈ మధ్య గూని పడుతున్నా, చీర కుచ్చిళ్లు మునుపటికంటే పొడవవుతున్నా, వయసులో ఉన్నప్పటి ఎత్తు కంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గినా, వెన్ను మొత్తానికీ పక్కనుంచి ఒక ఎక్స్‌రే తీయించండి. వెన్నుపూసల ఎత్తు తగ్గిందో లేదో రిపోర్టులో విడిగా రాయమని అడగండి. తగ్గిందని తేలితే వారానికోసారి వేసుకునే మాత్రలు, ఏడాదికోసారి ఇచ్చే ఇంజెక్షను లాంటి మందులున్నాయి. డాక్టరు ఆమె కిడ్నీల పనితీరు, విటమిన్ డి చూసి ఏది సరిపోతుందో చెబుతారు.